రెండో రాయి

బర్మా దేశపు యాంగోన్‌లోని పాత యూదుల శ్మశానాన్ని ఊడ్చే చిన్నమ్మికి పుణ్యం మీద పెద్ద ఆశేమీ లేదు. ఉన్నదల్లా మోకాళ్ల నొప్పి. సమాధి సమాధికీ నడుం పట్టుకుని నిలబడి, వానను తిట్టి, ఆకులతో పాటు పలకల మీది గులకరాళ్లనూ ఊడ్చి గోడవార పోస్తుంది. పువ్వులైతే ఉంచేదే. రాళ్లు చెత్తేగా! మొన్న సంచౌంగ్ పేట నుంచి, తెలుగువాళ్ల మధ్య పెరిగిన ముసలి ఫ్లోరా వచ్చి, తల్లి సమాధి మీద రెండు రాళ్లు పెట్టి కళ్లు తుడుచుకునేలోపే చీపురు వాటిని దులిపేసింది.

"అయ్యో చిన్నమ్మీ! మీకు పువ్వులెలాగో మాకు రాళ్లు అలాగ."

"ముందే సెప్పొద్దేటమ్మా? ఇన్నేళ్లూ ఊడిసేసినాను గదా! ఒక్క గోరీకి రెండేటి మరి?"

"రెండోది పిన్నికి. నాజీలు తరిమితే ఓడెక్కి ఈ రేవుదాకా వచ్చింది. కాగితాలు లేవని దిగనివ్వలేదు. అమ్మ ఒడ్డున నిలబడి చూస్తుండగానే ఓడను తిప్పి పంపేశారు. వెనక్కి చేరాక అక్కడ నాజీలు చంపేశారు. ఎక్కడ పూడ్చారో తెలీదు."

చిన్నమ్మి చీపురు కింద పడేసింది. "అయితే నాను కూడా గెంటేసినానన్నమాట," అంటూ ఆకుల్లో చతికిలబడి ఆ రాళ్ల కోసం వెతకసాగింది.

"పోనీలే, ఏదో ఒక రాయి పెడదాం."

"ఏదోటి ఎలాగవుద్దమ్మా?"

రెండూ దొరికేదాకా లేవలేదు. ఇప్పుడు రాళ్లున్న ప్రతి పలక దగ్గరా కూర్చుని చేత్తోనే ఆకులు ఏరుతుంది. పని పెరిగింది, తిట్లూ పెరిగాయి. ఫ్లోరా తల్లి సమాధి దగ్గర మాత్రం ఆకు తీసేటప్పుడు రెండో రాయిని వేలితో అదిమి పట్టుకుంటుంది.