గంపలో పెట్టిన గుమ్మడికాయ

నా రాత కోడి గీరినట్టు ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాను. ఊరి బడిలో అయిదు దాకానే చదివినవాణ్ణి, మన్నించి చదవండి. మా మేనకోడలు పోయిన నెల విశాఖపట్నంలో చనిపోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేరింది, మరి తిరిగి రాలేదు. కబురు తెచ్చినతను వాకిట్లో నిలబడి నోరు పెగలక నీళ్ళు నములుతుంటే, పిల్ల తల్లి, మా అప్ప, అంటే మా అక్కే, "నా గుంట పోయిందేటి?" అని అడిగేసింది.

దినాలకి ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ముంచింగిపుట్టు దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి మా కొండకి నడిచీ వచ్చారు. ఆమె పేరు మీద చిన్న పుస్తకం వేస్తున్నాం, మీరూ రాయాలి మావయ్యగారూ అన్నారు. నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. కానీ చదువుకునే రోజుల్లో ఆమె మా సంతలో చేసిన పని మొదటినుంచీ దగ్గరుండి చూసింది నేను. అందుకని ఒప్పుకున్నాను.

చిన్నప్పుడు ఆమె క్రైస్తవుల మిషను హాస్టల్లో ఉండి చదువుకుంది. తొంభైల్లో మాట. ఒకసారి బియ్యం, అల్లం ఇచ్చి రావడానికి వెళ్ళాను. వరండాలో రేకు పెట్టెలు వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత. మూతల మీద పేర్లు రాసి ఉన్నా, కొత్తగా చేరిన చిన్న పిల్లలకి అక్షరాలు రావు కదా, ఎవరి పెట్టె ఏదో తెలియక రోజూ ఏడుపులు. ఈమె సున్నమూ బొగ్గూ కలిపి ఒక్కో మూత మీద ఒక్కో బొమ్మ వేసేసింది. పుంజు, చేప, చందమామ. ఒక పిల్ల మూతి ముడుచుకుని "నాకు కప్పనేసినావేటి?" అని దెబ్బలాడుతోంది. ఈమె తొణకలేదు. "నువ్వు గెంతుతావు గదే" అంది. పెట్టెలు పాడుచేసిందని సిస్టరమ్మ ముందు కోప్పడిందట. మర్నాడు పిల్లలు ఏడవకుండా ఎవరి పెట్టె దగ్గరికి వాళ్ళు పోవడం చూసి ఊరుకుందట.

తర్వాత విశాఖలో డిజైను చదువుకి చేరింది. ఏం చదువుతోందో ఊళ్ళో చెప్పడం నాకు కష్టమయ్యేది. కంప్యూటరు తెర మీద ఏ మీట ఎక్కడుండాలో, ఎంత పెద్దదుండాలో, మనిషికి ఎలా తెలియాలో, అది చదువుతోందని చెప్పేవాణ్ణి. "దానికీ సదువేనా బావా! నొక్కడానికి ఏలుంటే సాలదేటి?" అని నవ్వేవారు. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

సెలవులకి వస్తే అట్టముక్కల మీద తెరలు గీసి నా ముందు పెట్టేది. "మావా, ఇది కంప్యూటరనుకో. అల్లానికి తెగులొచ్చింది. ఏటి సేత్తావు?" అనేది. నేను తికమకపడుతుంటే చెప్పేసేది కాదు. చెప్పాలని చేతులు దురద పెడతాయేమో, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చునేది. నాకు తెలియడం లేదమ్మా, నా బుర్ర మొద్దు అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "నీకు తెలీకపోతే నా బొమ్మ బాగోనట్టు మావా. నీ బుర్రనేటి సెయ్యను, బొమ్మయితే మార్చుకోగలను" అనేది.

చదువు ఆఖరి సంవత్సరంలో, వేలు పెడితే పలికే తెర ఒకటి కాలేజీవాళ్ళని అడిగి తెచ్చింది. పంట బొమ్మ మీద వేలు పెడితే, ఆ పంటకి వచ్చే తెగుళ్ళూ, చేయాల్సిన పనీ మా భాషలో చెబుతుంది. చదువు రానివాళ్ళ కోసమని చేసింది. "మనోళ్ళు మిషను ముట్టుకోరు, భయపడతారు అన్నారు మావా క్లాసులో. ముట్టుకుంటారని నాను సెప్పినాను" అంది. మాకు వారానికో సంత. వరసగా రెండు సంతల్లో దాన్ని పెట్టాలి, రెండో సంతకి వాళ్ళ సారు వచ్చి చూస్తారు. అప్పటికి జనం దాన్ని వాడకపోతే ఆ ఏడాది చదువూ పోతుంది, దానికన్నా పెద్దది, ఆమె మాటా పోతుంది.

మొదటి సంతలో టీ కొట్టు నుంచి కరెంటు తీసుకుని అరుగు మీద పెట్టాం. మా కళ్ళకి కొత్తగా ఉండకూడదని మా కొండ మీది తోటలనే ఫొటోలు తీసి పెట్టింది. జనం మూగారు. మెచ్చుకున్నారు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నారు. మధ్యాహ్నం దాటినా ఒక్క వేలు పడలేదు. ఆమె చేతులు తొడల కిందే ఉన్నాయి, ముఖం మాత్రం చిన్నబోయింది.

పసుపు అమ్ముకునే ఒక ముసలమ్మ చాలాసేపు వంగి చూసింది. ఈమె ఉండబట్టలేక, "భయమా అమ్మమ్మా?" అంది.

"బయమేటే! ఇది మా ఈదిలోళ్ళ గుమ్మడి పాదు గాదేటి? పిందె మీద ఏలెట్టమంటావా? కుళ్ళిపోదూ? మీ అమ్మ నీకిది కూడా నేర్పనేదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. పిందెకి వేలు చూపకూడదని మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. చూపాల్సి వస్తే వేలు మడిచి చూపుతాం. ఆమె చదువుకున్న పిల్ల కదా, అది ఉత్త నమ్మకమని చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. "మరి కోసేసిన కాయకి సూపొచ్చా?" అంది.

"కోసింది తినడానికే గదే. దానికేటి!"

ఆ వారమంతా కెమెరా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నేను వెనకాల గంప మోశాను. కోసిన గుమ్మడికాయ, తవ్విన అల్లం, చిక్కుళ్ళు, రాగి కంకులు, ఒక్కోటీ గంపలో పెట్టి ఫొటో తీసింది. పాదుల బొమ్మలన్నీ తీసేసి వీటిని పెట్టింది.

రెండో సంతకి సారు వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. ఆ ముసలమ్మే ముందు వచ్చింది. బొమ్మలన్నీ చూసి, గుమ్మడికాయ మీద వేలు పెట్టింది. పెట్టెలోంచి మా అప్ప గొంతు, మా భాషలో, పాదుకి బూడిద ఎలా చల్లాలో చెప్పడం మొదలెట్టింది. ఈమె తల్లి చేతనే చెప్పించి పట్టిందన్నమాట.

ముసలమ్మ వెనక్కి తిరిగి మా అప్పని చూసింది. "ఇంట్లో అరిసింది సాలక పెట్టెలో కూడా దూరినావేటే!"

సంతంతా నవ్వింది. అప్ప కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఇక చూడండి, నేను ముందంటే నేను ముందని తోపులాట. అల్లం మీద ఒకరు, చిక్కుళ్ళ మీద ఒకరు. అప్ప తిట్లు వినాలంటే ఏ బొమ్మ నొక్కాలని కూడా ఒకాయన అడిగాడు.

తర్వాత ఆమె పెద్ద ఉద్యోగాలు చేసింది, ఎందరికో పని నేర్పింది. అవి మీకే బాగా తెలుసు. ఆమె మీతో అన్న మాట, వేసిన బొమ్మ, తిట్టిన తిట్టు, ఏదైనా సరే రాసి పంపండి. అప్పకి చదువు రాదు, నేను చదివి వినిపిస్తాను.

నాకు మాత్రం ఆ సాయంత్రమే కళ్ళకి కట్టినట్టు ఉంది. సంత ఎత్తేశారు. ఆమె కరెంటు తీసేసింది. తెర నల్లబడగానే దాని మీద వేళ్ళ గుర్తులు బయటపడ్డాయి, పసుపువీ, మట్టివీ, ఒకదాని మీద ఒకటి. సారు జేబురుమాలు తీసి తుడవబోయారు. మా మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు సార్. ఉండనీండి."

సారు రుమాలు మడిచి జేబులో పెట్టేసుకున్నారు. మా కొండకి తపాలా ఆలస్యంగా వస్తుంది. బేగి రాయండి.