గంగరాజు ఆకు పెట్టని ట్రే

"నేను కుడి అన్నాను. నువ్వు ఎడమ అన్నావు. ఆటో అతను నీ మాటే విన్నాడు. ఇప్పుడు చూడు, మనం లాస్ట్!"

"లాస్ట్ కాదు మనోజ్ఞా. లాస్ట్‌కి ముందు."

"ఆరు జంటల్లో లాస్ట్‌కి ముందంటే దండేస్తారా ప్రేమ్? రెడ్డిగూడెం నడిబొడ్డున నిలబడి 'చాట్రాయి ఇదేనా అండీ' అని అడిగినవాడివి నువ్వొక్కడివే!"

"అక్కడా మామిడి తోటలే, ఇక్కడా మామిడి తోటలే. బోర్డు లేకపోతే నాకేం తెలుసు?"

"కార్డులో ఊరిపేరు రాసుంది. చదవడం వచ్చుగా?"

ఈ తగువంతా ఒక బంగినపల్లి చెట్టు కింద జరుగుతోంది. చెట్టు పైన గంగరాజు ఉన్నాడు. అతనికి పెళ్ళై ముప్పై రెండేళ్ళయింది. మొగుడూ పెళ్ళాల తగువు మధ్యలోకి దూకినవాడు ఎటు పడ్డా కాలే విరుగుతుందని తెలుసు. అందుకని కొమ్మ మీద గొంతుక్కూర్చుని, కింద అన్నీ తేలేదాకా ఆగుదామనుకున్నాడు. అవి తేలేలా లేవు.

"ఇంతకీ ఆ జడ్జి ఎక్కడ చచ్చాడు?" అన్నాడు ప్రేమ్‌చంద్ చుట్టూ చూసి.

"ఇక్కడే ఉన్నానండీ," అంది చెట్టు. "మీరు కానివ్వండి. నాకేం తొందర లేదు."

జడ్జి అంటే గంగరాజే. కోర్టుకీ అతనికీ సంబంధం లేదు. చాట్రాయి చుట్టుపక్కల కాయ కోసే కూలీల ముఠాకి మేస్త్రి. ముఠాలో పన్నెండు మంది, అందులో భార్య వెంకాయమ్మ ఒకతి. మామిడి రోజుల్లో తోటలు, వానలు పడ్డాక వరినాట్లు. ఆ రెండూ లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలిస్తాడు. పద్నాలుగో ఏట మొదటిసారి చెట్టెక్కాడు. ఆ రోజే తొడిమ దగ్గర చిమ్మిన సొన ఎడమ బుగ్గ మీద పడి కాల్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "పరీక్ష రాయకుండా వచ్చిన సర్టిఫికెట్ ఇది" అంటాడు. మంచివాడే గానీ మెత్తనివాడు కాదు. పనిలో తప్పు చేస్తే ఎదుటివాడి ముఖం చూడడు.

ముఖం చూడకపోవడం వల్లే అతనికో పేరొచ్చింది. ట్రే నిండాక పైన వరిగడ్డి కప్పి, ఒక మూల రెండాకుల మామిడి రెమ్మ గుచ్చుతాడు, ఆకు వెనకవైపు పైకి కనపడేలా తిరగేసి. హైదరాబాద్ మార్కెట్లో ఆ తిరగేసిన ఆకు కనపడితే చాలు, కొనేవాళ్ళు గడ్డి ఎత్తి చూడరు. లోపల దెబ్బకాయ ఉండదని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఒక ఏడాది వెంకాయమ్మ సర్దిన ట్రేలో తొడిమ ఊడిన కాయ దొరికితే, పదిమందిలో "దీనికి ఆకు పెట్టను" అనేశాడు. తర్వాత మూడు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు. గంగరాజు మామిడిపళ్ళు తిని బతికాడు గానీ ఆకు మాత్రం పెట్టలేదు.

అలాంటివాడి దగ్గరికి పది రోజుల క్రితం ఫణి వచ్చాడు. ఫణి టీవీ మనిషి. ఊళ్ళు తిరిగే పందెం ఒకటి తీస్తున్నారు, దాంట్లో ఎక్కడ ఏ పని పెట్టాలో చూసేది అతనే. తోట యజమాని బసవపున్నారావు గారు కుర్చీ వేయించి, గంగరాజుని పిలిపించాడు.

"మొత్తం పదకొండు జంటలు బయల్దేరాయండీ," అని మొదలుపెట్టాడు ఫణి. "ఒక కవరు ఇస్తాం. అందులో ఎక్కడికెళ్ళాలో ఉంటుంది. బస్సో ఆటోనో వాళ్ళే చూసుకోవాలి. అక్కడ ఆ ఊరివాళ్ళు చేసే పని ఒకటి చెయ్యాలి. సరిగ్గా చేస్తే ఇంకో కవరు. చివర్న ఒక చాప పరుస్తాం. అందరికంటే ఆఖర్న చాపెక్కిన జంట ఇంటికే. మీ వంతు వచ్చేసరికి అలా అయిదు జంటలు వెళ్ళిపోతాయి. మీ దగ్గరికి వచ్చేది ఆరు."

"చాపెక్కడ?"

"మైలవరంలో."

"నేనేం చెయ్యాల?"

"యాభై కాయలు కోసి ట్రేలో సర్దమంటాం. అంగుళం తొడిమ ఉండాలి, సొన అంటకూడదు, కాయ నేల మీద పడకూడదు. మీరు చూసి బాగుంటే ఆకు పెట్టండి, కవరివ్వండి. లేదంటే ఆ ట్రే పక్కన పెట్టించి మళ్ళీ కొత్తగా యాభై కోయించండి. సాయం మాత్రం చెయ్యకూడదు. మీ మాటే ఫైనల్, మేం కూడా కాదనలేం."

ఆ ఆఖరి మాట గంగరాజుకి తెగ నచ్చింది. తలపాగా చుట్టుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు. జన్మలో తలపాగా చుట్టినవాడు కాదు. ఎరువుల కంపెనీ వాళ్ళిచ్చిన టోపీతోనే టీవీలో కనపడతానన్నాడు.

ఇంటికెళ్ళి వెంకాయమ్మకి అంతా చెప్పాడు. ఆవిడ విని, "అంటే చదువుకున్నోళ్ళు ఆటోలెక్కి మరీ వచ్చి కూలిపని చేస్తారు?" అంది.

"పనికాదే, పందెం."

"మనం ముప్పై ఏళ్ళుగా చేస్తన్నాం. మనకెవడూ చాప పరవలేదేం?"

గంగరాజు టోపీ తీసి దులుపుకున్నాడు.

ఆరు జంటల్లో నాలుగు మధ్యాహ్నానికే ఆకు పెట్టించుకుని, కవరు పట్టుకుని మైలవరం పరుగెత్తాయి. ఇక తోటలో మిగిలింది ఇద్దరు అన్నదమ్ములూ, ఈ తగువుల జంటా. అన్నదమ్ములు కండలు పెంచినవాళ్ళు. గడ పట్టుకుని కాయని పీకడమే తప్ప కోయడం రాదు. మొదటి ట్రే అంతా తొడిమ లేని బోడికాయలే. "కాదు" అన్నాడు గంగరాజు. రెండో ట్రే మొదలుపెట్టారు.

ప్రేమ్‌చంద్, మనోజ్ఞల మొదటి ట్రే సొన మరకలతో పోయింది. రెండోది ఒక కాయ తక్కువై పోయింది. లెక్క పెట్టింది ఎవరన్నదాని మీద ఇంకో తగువు నడిచింది. మూడో ట్రేకి మనోజ్ఞ చెయ్యి కుదిరింది. కొసన వల సంచి కట్టిన చిక్కం గడని కాయ కింద పెట్టి, కొమ్మ అదరకుండా మెలిపెట్టి కోస్తోంది. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లట. కోసిన కాయని గుడ్డుని పట్టుకున్నట్టు అందుకుని, తొడిమ కిందికి పెట్టి సొన కారనిస్తోంది.

"ఈ పిల్లని మన ముఠాలో వేసుకుందామా?" అంది వెంకాయమ్మ మెల్లిగా.

"మాట్లాడబాకు. నేను జడ్జిని."

ఆ జడ్జి అన్నదమ్ముల ట్రే దగ్గర వంగి కాయలు చూస్తున్నాడు. వెనక ఇరవై అడుగుల దూరంలో 'దబ్' అని ఒక చప్పుడైంది.

పెద్ద చప్పుడేం కాదు. మామూలు మనిషికి వినపడినా పట్టదు. గంగరాజు మాత్రం వంగినవాడు వంగినట్టే ఆగాడు. ఎండాకు పడితే ఒక చప్పుడు, పిందె పడితే ఒకటి, పక్వానికొచ్చిన బంగినపల్లి గట్టి నేలని తాకితే ఇంకొకటి. వెనక్కి తిరిగేసరికి ప్రేమ్‌చంద్ ట్రే మీద గడ్డి కప్పుతున్నాడు. మనోజ్ఞ అటువైపు చెట్టు దగ్గర గడ పైకెత్తి ఉంది. కెమెరా ఆమె వైపే ఉంది.

"అయిపోయిందండీ!" అని అరిచాడు ప్రేమ్‌చంద్. "యాభై! చూస్కోండి!"

గంగరాజు గడ్డి తీశాడు. యాభై కాయలూ ఒక్కలాగే ఉన్నాయి, పచ్చగా, తొడిమతో, మరకలేకుండా. ఇంత బాగా సర్దిన ట్రే ఆ రోజు ఇంకోటి రాలేదు. చేతిలో ఉన్న రెమ్మని అటూ ఇటూ తిప్పాడు.

"కాదు," అన్నాడు.

"ఏం కాదు?"

"ఇందులో పడ్డ కాయ ఉందండీ."

"ఏదీ చూపించండి!"

చిక్కంతా అక్కడే. పడిన కాయ పడిన రోజు పెళ్ళికొడుకులా ఉంటుంది. మూడో రోజుకి గానీ నల్లమచ్చ బయటపడదు. నాలుగో రోజుకి పక్కనున్న పదింటినీ పాడుచేస్తుంది. అప్పటికి ఆ ట్రే హైదరాబాద్‌లో, పైన గంగరాజు ఆకుతో ఉంటుంది.

ఫణి పరుగున వచ్చాడు. కెమెరాలో ఏమీ లేదు. మైకులో గాలి హోరు తప్ప ఇంకేం లేదు. "ఎవరూ చూడలేదు గంగరాజు గారూ. సాక్ష్యం లేకపోతే కష్టమండీ."

"నేను విన్నాను."

"వినడం సరే, కానీ..."

"నా మాటే ఫైనల్ అన్నారు గదా బాబూ. పది రోజుల్లోనే మారిపోద్దా?"

మనోజ్ఞకి ఒళ్ళు మండిపోయింది. చేతులు చూపించింది. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. "ఒక్క కాయ కింద పెట్టకుండా కోశానండీ. మీకు వినపడిందని మమ్మల్ని ఇంటికి పంపించేస్తారా? ప్రేమ్, నువ్వేమైనా పడేశావా?"

"లేదు," అన్నాడు ప్రేమ్‌చంద్. చెట్టుతో చెప్పాడు ఆ మాట.

పక్కన అన్నదమ్ముల ట్రే నిండిపోతోంది. ఈ ట్రేకి ఇప్పుడు ఆకు పెడితే వీళ్ళు ముందు పోతారు. లేకపోతే వాళ్ళు పోతారు, వీళ్ళిద్దరూ ఇంటికే. అందరూ గంగరాజు చేతిలో ఉన్న రెమ్మనే చూస్తున్నారు.

నిజం చెప్పాలంటే ఏ కాయ పడిందో గంగరాజుకీ తెలియదు. కానీ మొగుళ్ళ సంగతి తెలుసు. తనూ ఒక మొగుడే కాబట్టి.

ట్రేలో పై వరస మీద వేలుపెట్టాడు. "ఈ వరస సర్దింది ఎవరండీ?"

"నేను," అంది మనోజ్ఞ.

"అయితే పడేసింది మీరే. పడేసి, తుడిచి, పెట్టేశారు. చెయ్యి పనిమంతురాలిదే గానీ, బుద్ధి కాదు."

మనోజ్ఞ బొబ్బలెక్కిన చేతులు దించేసింది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. కెమెరా ఆమె ముఖం మీదికి వచ్చింది. గంగరాజు ఆమె వైపు చూడలేదు, అతని చూపంతా ప్రేమ్‌చంద్ మీదే ఉంది. ఆ అబ్బాయి ఒకసారి పెళ్ళాన్ని చూశాడు, ఒకసారి కెమెరాని చూశాడు, మెడ కింద గోక్కున్నాడు.

"తను కాదండీ."

"మరెవరు?"

"నేనే. జారిపోయింది. టైమ్ లేదని లోపల పెట్టేశాను."

"సార్, మా ట్రే కూడా చూడండి!" అని అన్నదమ్ముల్లో పెద్దవాడు అరిచాడు.

మనోజ్ఞ తిడుతుందనుకున్నారు అందరూ. తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని, ఖాళీ ట్రే ఒకటి ప్రేమ్‌చంద్ గుండెకి గట్టిగా ఆనించింది. "పట్టుకో. యాభై. నేను కోస్తా, నువ్వు నోరు మూసుకుని అందుకో. ఒక్కటి జారిందో, నువ్వు ఆటోలో కాదు, నడిచి వస్తావు మైలవరం."

"సరే."

"'సరే' కూడా వద్దు."

రూలు ప్రకారం పాత ట్రే ఉన్నదున్నట్టుగా పక్కకి జరిపారు. అన్నదమ్ముల ట్రేకి ఆకు పడింది. వాళ్ళు కవరు లాక్కుని పరుగెత్తారు. ఈ జంట మాత్రం చివరిదాకా కోసింది. ప్రేమ్‌చంద్ ఒక్కో కాయనీ రెండు చేతులా అందుకున్నాడు, ప్రసాదంలాగా. గంగరాజు గడ్డి ఎత్తి చూసి, ఆకు తిరగేసి గుచ్చి, కవరిచ్చాడు.

"నన్ను ఎందుకన్నారండీ అలా?" అడిగింది మనోజ్ఞ.

"అతన్నంటే ఒప్పుకునేవాడు కాదమ్మా. పోండి, ఆటో వెళ్ళిపోద్ది."

వాళ్ళు వెళ్ళాక వెంకాయమ్మ టోపీ మీద ఒక్కటి మొత్తింది. "పాపం ఆ పిల్లని ఏడిపించావు. జడ్జంట!"

ఎండ చల్లబడింది. లారీ వస్తోందని బసవపున్నారావు గారు కబురు పంపాడు. పందెంలో తప్పిన ట్రేలన్నీ వెంకాయమ్మ ముందేసుకుని, బోడికాయలూ సొనకాయలూ ఏరి అవతల పడేసి, మిగతావి మళ్ళీ సర్దింది. గంగరాజు వాటన్నిటికీ ఆకు పెట్టాడు. ప్రేమ్‌చంద్ ట్రే ఒక్కటి మిగిలింది. దాని ముందు కూర్చుని ఒక్కో కాయా తీసి నొక్కాడు, వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. యాభైలో నలభై తొమ్మిది బంగారాలు. ఒకటి దొంగ. దొంగ ఏదో తెలియకుండా ఆకు పెట్టలేడు, బంగారం లాంటి కాయల్ని పారబొయ్యనూ లేడు.

ఫణి వైర్లు చుట్టుకుంటూ వచ్చాడు, నవ్వుతూ. "ఎపిసోడ్ అదిరిపోయిందండీ! పాపం ఆ జంట మాత్రం ఔటైపోయారు. అన్నదమ్ములు దారి తప్పి ఆలస్యమయ్యారట, అయినా నాలుగు నిమిషాల తేడా. పందెం ముందు తీసుకున్న ఫోన్లు ఇప్పుడే తిరిగిచ్చేసి, హోటల్‌కి పంపించారట."

"నాలుగు నిమిషాలేనా!" అన్నాడు గంగరాజు. చేతిలో కాయ మళ్ళీ ట్రేలో పెట్టాడు. "ఆ అబ్బాయికి ఫోన్ వచ్చేసిందన్నారు గదా?"

"వచ్చేసిందండీ. ఏం?"

"ఒక్కసారి కలపండి బాబూ."

"ఓదారుస్తారా?"

"ఓదార్పు వాళ్ళావిడ చూసుకుంటది. ఆ కాయ ఏ వరసలో పెట్టాడో అడగండి."

ఫణి చుట్టడం ఆపేశాడు. "మీకు తెలియదా? అంత గట్టిగా చెప్పారు!"

"పడిన సంగతి చెవి చెప్పింది. ఏ కాయో చెవికేం తెలుసుద్దండీ?" అన్నాడు గంగరాజు రెమ్మ చేత్తో పట్టుకుని. "మర్యాదగానే అడగండి, కోప్పడబాకండి. ఎడమవైపా కుడివైపా, పైనా అడుగునా, అది చెప్తే చాలు. లారీ వచ్చేలోపు కనుక్కోండి బాబూ."