ఎదిల్మా మనవరాలి బుగ్గలు

మా సియెనగా ఊళ్లో పొద్దున్నే ఎండ మాడ్చేస్తుంది. ఆ ఎండలో కూడా మణికట్టు దాకా చేతులున్న చొక్కా తొడుక్కుని తిరిగే మనిషి మా వీధిలో ఒక్కతే, ఎదిల్మా. మా పెరటి గోడకు అవతలి ఇల్లు వాళ్లది. వాళ్లబ్బాయి ఎల్కిన్ జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిని నేనే. అప్పటి నుంచీ నేనూ ఆమే వదినా అంటే వదినా అనుకుంటాం.

ఆమెకు పసితనం నుంచీ ఎగ్జిమా. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ. గోకితే రసి కారేది, ఆరితే పక్కు కట్టేది, పక్కు ఊడితే నల్లటి మచ్చ మిగిలేది. బడిలో పిల్లలు, "మొసలి పండక్కి నీకు వేషం కొనక్కర్లేదే!" అని వెంటపడేవారట. ఆ పండగనాడు ఊరంతా మొసలి వేషాలు కట్టి వీధుల్లో ఆడుతుంటే ఆమె కిటికీ వెనక నిలబడి చూసేది. పెద్దయ్యాకా అంతే.

వీధి మొగలో గుడ్డు పెట్టిన మొక్కజొన్న రొట్టెలు వేయించి అమ్మేది. పొయ్యి సెగకు చెమట, చెమటకు దురద. ఎవరికైనా ఆమె చేతి మీద మచ్చ కనిపిస్తే మర్నాటి నుంచి ఎదుటి బండి దగ్గరికి పోయేవారు. ఆకులు కాచిన నీళ్లు పోసుకుంది, కొబ్బరి నూనె రాసుకుంది. ఒకసారి మందుల షాపతను ఏదో ట్యూబు ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే చర్మం నున్నబడింది. ఆ సంబరంలో చేతుల్లేని గౌను కుట్టించుకుంది. వద్దని చెప్పేవాళ్లు లేక ఆ మందే ఏళ్ల తరబడి రాసుకుంది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. మానేస్తే ఒళ్లంతా మంట. గౌను ఎవరికో ఇచ్చేసింది.

ఎల్కిన్‌కు కూతురు పుట్టింది, సరాయ్. కొన్నాళ్లకు పాప బుగ్గలు ఎర్రబడి పొట్టు లేచాయి. కోడలు యురానిస్ ఎదిల్మా చేతుల్లోంచి బిడ్డను లాక్కుంది.

"అత్తయ్యా, ఇక మీరు ఎత్తుకోవద్దు."

"ఇది అంటుకునేది కాదే తల్లీ. మీ మామయ్యతో ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆయనకు అంటిందా?"

"ఆయన సంగతి నాకెందుకు? నా బిడ్డ మొహం చూడండి!"

ఎదిల్మా గోడ దగ్గరికొచ్చి నిలబడింది. గొడవంతా నాకు వినబడుతూనే ఉంది. ముగ్గురినీ నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ పాపను చూసి, "ఎగ్జిమా. అంటువ్యాధి కాదు. నాయనమ్మ ఎత్తుకున్నా, ముద్దాడినా రాదు" అంది. ఎదిల్మా నా వైపు చూసి గట్టిగా ఊపిరి వదిలింది.

"మరి ఎలా వచ్చింది?" అంది యురానిస్.

"చాలాసార్లు కుటుంబంలో ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

ఎదిల్మా మెల్లగా చొక్కా చేయి పైకి మడిచింది.

బయటికొచ్చాక అంది: "అంటించలేదని తేలింది వదినా. ఇచ్చింది మాత్రం నేనే."

"ఎల్కిన్‌కు లేదుగా?"

"వాణ్ని దాటుకుని వచ్చింది."



ఆ తర్వాత యురానిస్సే బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టడం మొదలుపెట్టింది, ఒక్కతే వేగలేక. ఎదిల్మా డాక్టరమ్మ చెప్పినట్టే చేసేది. గోరువెచ్చని నీళ్లతో చప్పున స్నానం. తువ్వాలుతో రుద్దకుండా అద్దడం. తడి పూర్తిగా ఆరకముందే క్రీము. గోళ్లు కత్తిరించి చేతులకు నూలు గుడ్డ చుట్టడం. బుగ్గలు తేటపడేవి. హమ్మయ్య అనుకునేలోపు ఉక్కపోతకో, దుమ్ముకో, ఎందుకో తెలియకుండానో మళ్లీ ఎర్రబడేవి.

"ఎప్పటికి తగ్గుతుంది అత్తయ్యా?"

"పెద్దయ్యాక కొందరికి తగ్గుతుందందిగా డాక్టరమ్మ."

"మీకు?"

ఎదిల్మా పాప చొక్కా సర్దింది.

మొన్న మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పాప ఏడుస్తూ మొహాన్ని ఎదిల్మా భుజానికేసి రుద్దుతోంది. చొక్కా మీద నెత్తుటి చారలు. గోకొద్దంటే వినే వయసా? రెండు పిడికిళ్లూ తన చేతుల్లో పట్టుకుని ఊపుతోంది ఎదిల్మా. ఆమె మెడ కూడా కందిపోయి ఉంది, గోక్కోడానికి చేయి ఖాళీ లేక తల అటూ ఇటూ తిప్పుకుంటోంది. నేను గుడ్డ తడిపి తెచ్చి ఆమె మెడకు అద్దాను.

"ఇంకొంచెం కిందికి వదినా," అంది.