తలకిందుల నదిని సరిచేసినవాళ్లు

మా తెలుగు సంఘం సమావేశంలో నేను నోరు తెరవగానే కార్యదర్శికి భోజనాలు గుర్తొస్తాయి. ఆ సినిమా సంగతి ఎప్పుడెత్తినా ఇదే వరస. ఈమెయిళ్లకూ జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఫ్రాన్సులో కొందరు కథతో పని లేకుండా సినిమాలు తీశారు. కెమెరాను తలకిందులు చేశారు, కటకానికి పలచని గుడ్డ కట్టి మొహాలను మసకబరిచారు, నెగెటివ్‌ను నెగెటివ్‌గానే చూపించారు. బ్రిటన్ వచ్చి కార్డిఫ్ ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన కొత్తలో, డ్యూటీల రోటాలో ఖాళీ దొరికిన ఒక మధ్యాహ్నం, వానకు ఒక హాల్లో దూరి అలాంటిదొకటి చూశాను. ఒక చెయ్యి, ఒక కన్ను, ఒక చక్రం ఒకే తాళానికి కదిలాయి. ఈ దేశంలో మొదటిసారి ఊపిరాడినట్టయింది. మనవాళ్ల మధ్య కూర్చుని దాన్ని మళ్లీ చూడాలనుకున్నాను.

డీవీడీ సంపాదించడానికి ఏళ్లు పట్టింది. చర్చి హాలు మాట్లాడాం. కార్యదర్శి తన ఆఫీసు ప్రొజెక్టర్ తెచ్చాడు. సంఘంలో నేనూ నా భార్యా తప్ప దాదాపు అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే.

గోడ మీద నది తలకిందులుగా కనబడగానే ముగ్గురు లేచారు.

"ప్రొజెక్టర్ సీలింగ్‌కి వేలాడదీసే మోడ్‌లో ఉందండీ. మెనూలో మార్చాలి."

"అలాగే తీశారు, కూర్చోండి," అన్నాను.

"మీరు పేషెంట్లను చూసుకోండి డాక్టర్ గారూ, మిషన్లు మాకొదిలేయండి!" అన్నాడు కార్యదర్శి. హాలంతా నవ్వింది.

రిమోట్ నొక్కి నదిని నిలబెట్టారు. తరువాత మామూలుగా నడిచి రావలసిన నర్తకి కాళ్లు పైకెత్తుకుని వచ్చింది. ఆమెనూ తిప్పారు. మసక కనబడితే ఫోకస్ సవరించారు. వాళ్లకు లొంగనిది ఆ మూకీ సినిమా మౌనం ఒక్కటే.

"సౌండే లేదు. ప్రొజెక్టర్ ల్యాంప్ కూడా పోతే మా మేనేజర్‌కి నేనేం చెప్పాలండీ?" అంటూ కార్యదర్శి ఆపేసి, కామెడీ సినిమా పెట్టాడు. టేక్‌అవే బిర్యానీ వచ్చింది.

కారులో నా భార్య అడిగింది. "చివరికి ఆ నర్తకి నీళ్లలోకి దిగిందా?"

"హాల్లో చూద్దువుగాని."

"ఇంట్లో పెట్టండి, చూసేద్దాం."

"ఇంట్లో చూస్తే వాళ్లు గెలిచినట్టే."

ఆ డీవీడీని నేను మళ్లీ పెట్టలేదు. ఆమె ఇప్పుడు అడగడం మానేసింది. ఆనాటివాళ్లు కాంట్రాక్టులు ముగిసి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కార్యదర్శి కూడా లండన్‌లోని హౌన్స్‌లో పేటకు మారతాడట.

వెళ్లేముందు చెప్పండి కార్యదర్శి గారూ. ఎవరూ రిమోట్ ముట్టకుండా, మొదటినుంచి చివరిదాకా, ఆ సినిమా వేయిస్తారా, వేయించరా?