కాలవ ఏ దిక్కున ఉంది?

అరవైల మొదట్లో, నేను గుడివాడలో మాస్టరుగా ఉన్నప్పుడు, మా మావగారి వీలునామాకు సాక్షి సంతకం పెట్టడానికి రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళాను. తన తరవాత చూపులేని పెద్దకూతురికి చెందాలని ఆయన దాచి ఉంచిన నందివాడ రెండెకరాలను తన పేర రాయించుకుంటున్న మహానుభావుడు మా బావమరిది. అక్కను కడదాకా సాకుతాడట! అభ్యంతరం లేదని వేలిముద్ర వేయడానికి ఆవిడనూ బండెక్కించాడు.

దస్తావేజు రాసే గుమాస్తా పొలం హద్దులు అడిగాడు. మావగారు నోరు తెరవకముందే, "తూర్పున కాలవండీ," అన్నాడు మావాడు. పేకాటే తప్ప చేలగట్టు తొక్కిన పాపాన పోలేదు.

"కాలవ పడమరరా తమ్ముడూ," అంది వదినగారు. "పొద్దున్నే నాన్నకి చద్దన్నం పట్టుకెళ్తాను కదా. ఎండ మొహాన పడుతుండగా కాలవ దాటాకే మన చేను." మిగతా మూడు హద్దులూ తడుముకోకుండా చెప్పింది.

మావగారు ఆ కాగితం లాక్కుని చింపేశారు. "అమ్మాయి పేరే రాయండి."

"అయితే రేపు ఈవిడకి అన్నం ఎవరు పెడతారు?" అని అరిచాడు బావమరిది.

సిగ్గులేనివాళ్ళను చాలామందిని చూశాను గానీ, వాడి తరవాతే ఎవరైనా. అలా అరిచి, అరుగు మీద చతికిలబడి వాడు విప్పిన పులిహోర మూట, తెల్లారకట్ల లేచి ఆవిడ వండి కట్టిచ్చిందే.