మంచుకి నిద్రపోయిన బటన్లు

మా ఊళ్లో కాఫీ పళ్ల తొక్క తీసే మిషను పన్నెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. కొత్తగా ఏది బిగించినా నన్ను మాత్రం ఒక్కరూ అడగరు. ఈసారి ఆఫీసు వాళ్లు వెలిగే బటన్ల పలక పెట్టించారు. నాకు అక్షరాలు అంతంతమాత్రం. వెలుగు చూసే నొక్కుతాను.

ఈ ఉదయం కొండ మీంచి మంచు దిగింది. షెడ్డంతా పాలలో మునిగినట్టయింది. బటన్లు మెల్లగా మసకబారి నిద్రపోయాయి. మిషను తిరుగుతూనే ఉంది. ఆపే బటను ఏదో తెలియక నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

పలక బిగించిన ఇంజనీరమ్మ పక్కనే ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. తెర నిండా డబ్బాల బొమ్మలు, వాటిని కలుపుతూ గీతలు.

"బయట చీకటి పడితే, కళ్లకు గుచ్చకుండా బటన్ల వెలుగు తగ్గుతుంది తాతా. ఆ కబురు ఈ గీతల వెంటే వెళ్తుంది. ఇప్పుడు మంచు మసకని కూడా చీకటే అనుకుంది."

"కొండవాగు గెడ్డ నీరు మడి నుంచి మడికి వదిలినట్టే కదేటి! మరి మంచునీ రాత్రినీ ఒకే మడిలోకి వదిలేసినావేటే గుంటా? టైము సూసి వదలాల."

ఆమె పకపకా నవ్వి, పగటిపూట వెలుగు తగ్గకుండా ఆ గీతల మధ్యలో గడియారం డబ్బా ఒకటి కలిపింది. ఆ తెల్లటి మంచులో బటన్లు చుక్కలు పొడిచినట్టు ఒక్కొక్కటే వెలిగాయి. నొక్కడం మరిచి అలా చూస్తూ నిలబడిపోయాను.

"ఇది ట్రయలే తాతా, ఆఫీసు ఒప్పుకోవాలి" అంది.

చదివేవాళ్లు చెప్పండి, నేనన్నది తప్పా? ఆఫీసు వాళ్లూ వినండి. మిషనులో ఎవరి చెయ్యైనా పడితే ఆపాల్సినవాణ్ని నేను. ఆ డబ్బా ఉంచుతారో పీకేస్తారో శుక్రవారం సంత లోపు నాకు చెప్పాలి.