పాత విండోస్ ఎక్కించిన ఆదివారం

ఆ అమ్మాయి ఫైళ్ళన్నీ సరిగ్గానే కాపీ చేసింది. వాటిని చెరిపేసింది నేను. ఈ రెండు ముక్కలూ ఆ రోజే చెప్పవలసింది. చెప్పలేదు. కూతురి అజాగ్రత్తవల్లే ఆ పెద్దాయన పుస్తకం పోయిందని వాళ్ళ చర్చిలో ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నోయిడాలో మా ఎదురు ఫ్లాట్ వాళ్ళది. పెద్దాయనది తెనాలి వైపు. ఢిల్లీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురి దగ్గర ఉండేవారు. కూతురు ఒక పెద్ద ఆస్పత్రిలో ఐసీయూ నర్సు. నన్ను అన్నయ్యా అని పిలిచేది. నేను ఒక కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసేవాణ్ణి కాబట్టి సొసైటీలో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా నా తలుపే తట్టేవారు. అది నాకు ఇష్టంగానే ఉండేది.

వాళ్ళ తెలుగు చర్చిలో ఎవరైనా పోతే, భూస్థాపనకు ముందు వాళ్ళ జీవిత చరిత్ర ఒక పేజీ చదువుతారు. ఏ ఊళ్ళో పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరి వెంట ఢిల్లీ వచ్చారు, ఏ ఆస్పత్రిలో ఎన్నేళ్ళు చేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పేజీ రాస్తూ వచ్చింది ఈయనే. అంత దూరం వచ్చి పోయినవాళ్ళ గురించి ఇక్కడ తెలిసినవాళ్ళు తక్కువ. ఆయనే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చుని, ఊళ్ళకు ఫోన్లు చేసి, కనుక్కుని రాసేవారు. చివరికి అవన్నీ ఒక పుస్తకంగా వేయాలనుకున్నారు. పాత లాప్‌టాప్‌లో నాలుగేళ్ళు కూర్చుని టైపు చేశారు. టైపయిన కాగితాన్ని చించేయడం ఆయన అలవాటు.

ఆ లాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతుంటే కూతురు కొత్తది కొంది. ఫైళ్ళు కొత్తదానిలోకి కాపీ చేసి, పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో షాపువాళ్ళకే ఇచ్చేసింది.

కొత్తదానిలో విండోస్ పది ఉంది. ఆయన తెలుగు కొట్టే పాత సాఫ్ట్‌వేర్ అందులో తెరుచుకోలేదు. అది లేకపోతే ఆ అక్షరాలూ లేవు. ఈ కాలపు తెలుగు కీబోర్డు నేర్పుదామని చూశాను.

"నేను టైపు నేర్చుకుంది తెనాలిలో మిషను మీద బాబూ. ఈ వేళ్ళు ఇంకో దారికి రావు. నా చేతులు మారుస్తావా, దాని బుర్ర మారుస్తావా?" అన్నారు.

"దాని బుర్రే మారుద్దాం లెండి. పాత విండోస్ ఏడు ఎక్కిస్తాను," అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, ఆయన చర్చి నుంచి వచ్చాక మొదలుపెట్టాను. కూతురు డ్యూటీలో ఉంది. ఆయన తెల్లచొక్కా మార్చుకోకుండానే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"కొత్తది కొని పాతది ఎక్కించుకునే వెర్రివాణ్ణి నన్నే చూసుంటావు."

"మీలాంటి మొండివాళ్ళు మా ఆఫీసులో నలుగురున్నారండి."

"ఆ నలుగురికీ నా వందనాలు చెప్పు."

పని అనుకున్నంత తేలిగ్గా సాగలేదు. కొత్త యంత్రం పాత సిస్టమ్‌ను గుమ్మంలోకే రానివ్వలేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ కాపలా తీసేశాను. తర్వాత కీబోర్డు పనిచేయలేదు. ఇంటికెళ్ళి పెన్‌డ్రైవ్ మళ్ళీ తయారుచేసుకుని వచ్చాను. మూడోసారి డిస్కు జాబితా కనిపించింది. సి, డి అని రెండు భాగాలు. ఈ డిస్కు మీద ఎక్కడం కుదరదు అని సందేశం. డిస్కు పద్ధతి మారిస్తే ఎక్కుతుంది, కానీ అందుకు మొత్తం చెరపాలి. కొత్త యంత్రం డిస్కుకు తనంతట తనే తాళం వేసి ఉంచుకుంది. ఆ తాళం పాత ఇన్‌స్టాలర్‌కు అర్థం కాదు కాబట్టి డి లో ఏముందో చూపించలేదు. కొన్న వారమే కదా, ఖాళీదే అనుకున్నాను.

ఆఫీసులో ఎవరి మెషీన్ చెరపాలన్నా ముందు వాళ్ళచేత ఫారం మీద సంతకం పెట్టించుకుంటాం, నా డేటా తీసుకున్నాను, చెరపవచ్చు అని. ఆ నియమం పెట్టించింది నేనే. అలాంటివాణ్ణి, పక్కనే కూర్చున్న మనిషిని ఇందులో ఏమైనా ఉందా అండీ అని ఒక్క మాట అడగలేదు. రెండుసార్లు ఓడిపోయిన విసుగులో ఉన్నాను. రెండు భాగాలూ చెరిపేసి, మళ్ళీ సి, డి అని విడగొట్టాను.

సాయంత్రానికి విండోస్ ఏడు ఎక్కింది. ఆయన సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఒక వాక్యం కొట్టి చూసుకుని నా వీపు మీద చిన్నగా చరిచారు.

"ఇప్పుడు డి తెరువు బాబూ. అమ్మాయి నా పుస్తకం అందులోనే పెట్టింది."

నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. డి తెరిచినట్టు చేసి, వెతికినట్టు చేసి, "ఇందులో ఏమీ లేదండీ. అమ్మాయి కాపీ చేసినట్టు లేదు," అన్నాను. ఆ మాట భయంకొద్దీ నోటివెంట వచ్చేసిందే అనుకోండి. ఆ తర్వాతివి మాత్రం ఆలోచించి చెప్పినవే.

ఫోన్ చేస్తే ఆమె యూనిఫారంతోనే పరుగున వచ్చింది.

"పేస్ట్ చేశాను నాన్నా. తెరిచి కూడా చూశాను. ఫైళ్ళన్నీ వరసగా ఉన్నాయి."

"ఉంటే ఏవే?"

ఆమె నా వైపు తిరిగింది. "అన్నయ్యా, నేను చూసింది పాతదానిలోనా? కాపీ సగంలో ఆగిపోయిందంటారా?"

"ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా. పూర్తయినట్టు చూపిస్తుంది, అవదు. నేను మార్చింది సి ఒక్కటే, డి ముట్టుకోలేదు," అన్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి. నమ్మింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఐసీయూలో ప్రాణాలు నీ చేతుల్లో ఎట్లా పెడుతున్నారే?" అన్నారు. గొంతు పెంచలేదు. ఆమె డి మళ్ళీ తెరిచి చూసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మర్నాడు ఆమె సెలవు పెట్టి షాపుకి వెళ్ళింది. పాత లాప్‌టాప్ అప్పటికే విడిభాగాలకు వెళ్ళిపోయింది. నేను ఏదో సరిచేయాలని చెప్పి కొత్తదాన్ని మా ఇంటికి తెచ్చుకుని, చెరిగినవి వెతికే ప్రోగ్రాములు రెండు రోజులు నడిపాను. ఏమీ రాలేదు. వచ్చుంటే కూడా, నేనే వెతికి తీశానని చెప్పి ఇచ్చేవాణ్ణి. అదీ దాచను.

ఆయన గుర్తున్నంతవరకు నాలుగు పేజీలు మళ్ళీ కొట్టారు. ఊళ్ళ పేర్లు ఒకదానిలోవి ఇంకోదానిలోకి వస్తున్నాయని ఆపేశారు. కూతురితో మాట్లాడటం మానలేదు. కానీ ఆమె ఏ పని చేసినా లేచి వెళ్ళి ఒకసారి చూసుకునేవారు. గ్యాస్ కట్టేసిందా, తలుపు గడియ పెట్టిందా. వెనకాల నిలబడి ఆమె చూస్తూ ఉండేది. ఆ తర్వాతి చలికాలం, ఈ ఊరి గాలికి ఊపిరితిత్తులు చెడి ఆయన పోయారు. ఆయన బతికున్నన్నాళ్ళూ రేపు చెబుదామనుకున్నాను. పోయాక, ఇంకెవరికి చెప్పాలి అనుకున్నాను. ఆమె మా ఎదురింట్లోనే ఉంది.

కొన్నాళ్ళకు ఆమె ఆస్పత్రికి దగ్గరగా ఇల్లు మారింది. రెండేళ్ళ తర్వాత బీపీ చూపించుకోవడానికి ఆ ఆస్పత్రికే వెళితే, ఓపీడీ కౌంటర్‌లో టోకెన్లు ఇస్తూ కనిపించింది.

"ఇక్కడున్నావేమిటమ్మా? ఐసీయూ కదా నీది?"

"నేనే మార్పించుకున్నాను అన్నయ్యా. అక్కడ ఒక్కో ఇంజెక్షన్ మూడుసార్లు చూసుకునేదాన్ని. చూసుకున్నాక కూడా, చూశానా అని అనుమానం. పక్కవాళ్ళను పిలిచి చూడమనేదాన్ని. ఎన్నాళ్ళు పిలుస్తాను?" నవ్వబోయి మానేసింది. "నాన్న అన్నది నిజమే. చేయనిది చేశాననుకునే మనిషిని నేను. అలాంటిదాన్ని అక్కడ ఉండకూడదు."

వెనక లైన్లో ఎవరో "దీదీ, జల్దీ" అన్నారు. ఆమె భోజనానికి లేచేదాకా అక్కడే కూర్చున్నాను. కాంటీన్‌లో ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. డిస్కు జాబితా, తాళం, నేను నొక్కిన బటన్, నేను వెతికినట్టు నటించడం. ఆమె డబ్బా మూత తీసి ముందు పెట్టుకుంది, తినలేదు. ఒకటే అడిగింది.

"నాన్న నన్ను ఆ మాట అన్నప్పుడు, మీకు తెలిసే నిలబడి ఉన్నారా?"

"తెలిసే నిలబడ్డానమ్మా. నువ్వు ఏ తప్పూ చేయలేదు, ఆ రోజూ చేయలేదు, ఇంకే రోజూ చేసి ఉండవు. తప్పు నాది. దాన్ని నీ నెత్తిన పెట్టి, ఆయన్ని అలాగే పోనిచ్చాను. నన్ను క్షమించమ్మా."